బాపుతో డవ్‌స్టోన్ కట్ట చుట్టూ

మాంచెస్టర్‌లో ఉండే మనవాళ్లింటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. ఫుట్‌బాల్ స్టేడియం బయట ఫొటో, లేక్ డిస్ట్రిక్ట్‌లో పడవ, రెండు రోజుల లండన్, ఓ గుడి. ఇవన్నీ అయిపోయాక కూడా వీసాలో బోలెడు నెలలు మిగిలే ఉంటాయి. మేం ఆఫీసులకు పోతాం, వాళ్లు కిటికీ దగ్గర కూర్చుని వానను చూస్తుంటారు.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తుంది గానీ మెట్లు దిగాలంటే భయం. మా బాపు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. కరీంనగర్ పక్కన లోయర్ మానేరు డ్యాం కడుతున్న రోజుల్లో చేరి, సర్వీసంతా శ్రీరాంసాగర్ కాలువ గట్ల మీదే తిరిగాడు. ఆయనకు పార్కులు, పూలతోటలు చూపిస్తే ఐదు నిమిషాల్లో ‘ఇగ పోదామా’ అంటాడు. ఇద్దరికీ కుదిరే చోటు కోసం అడుగుతుంటే ఆఫీసులో పక్క సీటు పెద్దమనిషి డవ్‌స్టోన్ పేరు చెప్పాడు.

డవ్‌స్టోన్ మాంచెస్టర్‌కి తూర్పున, ఓల్డ్‌హామ్ దాటాక, సాడిల్‌వర్త్ గుట్టల్లో గ్రీన్‌ఫీల్డ్ అనే ఊరి పైన ఉంది. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్‌కి వాయవ్యపు అంచు అది. ఒకే లోయలో మెట్లు మెట్లుగా మూడు రిజర్వాయర్లు: అన్నిటికంటే కింద డవ్‌స్టోన్, దాని పైన యోమన్ హే, ఆ పైన గ్రీన్‌ఫీల్డ్. పక్క లోయలో గుట్ట నెత్తిమీద చ్యూ అని నాలుగోది. కింది దాని చుట్టూ మాత్రం తిరిగి వస్తే సుమారు నాలుగు కిలోమీటర్లు. బాట గట్టిది, చాలావరకు చదును. పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు కూడా కనిపిస్తారు. చుట్టూ ఉన్న గుట్టల మీద మాత్రం మూర్‌ల్యాండ్. అంటే చెట్లుండవు, గడ్డి, హెదర్ పొదలు, కింద నల్లటి తడి నేల. ఆగస్టు నెలాఖరులో హెదర్ పూసి గుట్టలన్నీ ఊదారంగులోకి మారతాయి. మేం వెళ్లింది అప్పుడే.

అమ్మకు ఈ ప్రోగ్రాం మొదట అర్థం కాలేదు. “అక్కడ ఏమున్నది?” అంది. నీళ్లు, గుట్టలు అన్నాను. “గుడి ఉన్నదా?” లేదు. “మరి చుట్టూ తిరిగి ఏడికి పోతం?” మళ్లీ కారు దగ్గరికే అన్నాను. కాసేపు ఆలోచించి, “అంటే ప్రదక్షిణ” అని తానే తేల్చుకుని చీర మీదికి స్పోర్ట్స్ షూ, మంకీ క్యాపు తీసి పెట్టుకుంది. ఆగస్టులో మంకీ క్యాపా అని మా ఆయన నవ్వాడు గానీ కట్ట మీద గాలికి ఆ రోజు సుఖపడింది ఆమె ఒక్కతే. ఈ గుట్టల్లో ఎండ చూసి మోసపోకూడదు. రెయిన్ జాకెట్ అందరికీ ఉండాలి, గొడుగు ఎందుకూ పనికిరాదు, గాలికి తిరగబడుతుంది.

వారాంతాల్లో కార్ పార్క్ పొద్దున్నే నిండిపోతుంది. లేటైతే బ్యాంక్ లేన్ అనే సన్న రోడ్డు మీద కార్లు వరుసగా ఇరుక్కుపోయి అటూ ఇటూ కదలవు. మేం తొమ్మిదిన్నరలోపే చేరాం. కారు లేనివాళ్లకు పికడిల్లీ స్టేషన్ నుంచి గ్రీన్‌ఫీల్డ్‌కి రైలుంది, అరగంట పట్టదు. స్టేషన్ నుంచి నీళ్ల దగ్గరికి సుమారు మూడు కిలోమీటర్లు నడవాలి, కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకు కారే మేలు. కార్ పార్క్ దగ్గర టాయిలెట్లు ఉన్నాయి. ముందే వెళ్లి రావాలి, దారిలో మళ్లీ దొరకవు.

ఏ దిక్కుగా తిరగాలో అమ్మే నిర్ణయించింది. ప్రదక్షిణ కాబట్టి నీళ్లు కుడిచేతి వైపే ఉండాలంది. దాంతో ముందు డ్యాం కట్ట దాటాల్సి వచ్చింది. బాపుకు కావలసింది కూడా అదే.

కట్ట మీదికి రాగానే ఆయన నడక మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి, ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి కింది వైపు చూస్తూ పోతున్నాడు. లోపలి వైపు వాలుకు రాతి పేర్పు. బయటి వైపు వాలంతా పచ్చ గడ్డి, మంగలి కత్తిరించినంత శుభ్రంగా. “ఒక్క చెట్టు మొలవనియ్యలె చూడు” అన్నాడు. కట్ట మీద చెట్లు ఉండకూడదన్నది ఆయన సర్వీసంతా చెప్పి చెప్పి అలసిపోయిన మాట. వేళ్లు లోపలికి పోతాయి, చెట్టు చచ్చాక ఆ వేళ్ల దారినే నీళ్లు ఊరుతాయి. మా దగ్గర ఏ చెరువు కట్ట చూసినా తుమ్మ చెట్లే. ఎవరూ కొట్టరు, కొడితే ఊరుకోరు.

తర్వాత కట్ట అడుగున ఎక్కడైనా ఊట ఉందేమోనని వంగి చాలాసేపు చూశాడు. ఆయన వెనకాల ఆగిన ఇద్దరు ముసలివాళ్లు ఏదైనా పక్షి కనిపించిందేమోనని బైనాక్యులర్లు తీశారు.

“గేట్లేవి?”

గేట్లు లేవు బాపూ అన్నాను. నీళ్లు నిండితే పక్కనున్న అలుగు మీంచి పొర్లి కిందికి పోతాయి, తాగడానికి కావలసినవి లోపలి వాల్వుల గుండా తీసుకుంటారు.

“గేట్లు లేనిది డ్యాం ఎట్లయితది బిడ్డా? ఇది చెరువు. మత్తడి దుంకుతది, తూము ఇడుస్తరు. గంతే.” మేం వెళ్లిన రోజు మత్తడి ఎండిపోయి ఉంది. వేసవి కదా, నీళ్లు కొంచెం దిగి, రాతి పేర్పు మీద పాత నీటి గీతలు వరుసగా కనిపిస్తున్నాయి. ఆ గీతలు చూసి ఎన్నడెంత దిగిందో ఆయన లెక్కేశాడు.

ఎవరు కట్టారని అడిగాడు. యాష్టన్, స్టేలీబ్రిడ్జ్, డకిన్‌ఫీల్డ్ అని కింద మూడు పట్నాలున్నాయి, ఆ మూడూ కలిసి పెట్టుకున్న వాటర్ బోర్డు కట్టింది, ఈ కట్ట 1967లో పూర్తయింది, పైనున్న యోమన్ హే 1880 నాటిది అని చదివింది చెప్పాను. సాగుకు ఇస్తారా అంటే లేదు, తాగునీళ్లకే. ఆయనకు ఇది మింగుడు పడలేదు. “దినాం వాన వడే దేశంల తాగునీళ్లకు ఇన్ని కట్టలు దేనికి?”

నిజానికి ఇక్కడ నీళ్లు లేకపోవడం ఎప్పుడూ సమస్య కాదు. మంచి నీళ్లు లేకపోవడమే సమస్య. పత్తి మిల్లులు వచ్చాక కింది పట్నాల్లో జనం విపరీతంగా పెరిగారు. ఏర్లలో రంగు నీళ్లు, మురికి. మిల్లుల బాయిలర్లకీ నీళ్లు కావాలి, జనం గొంతులకీ కావాలి. శుభ్రమైన నీళ్లు మిగిలింది ఎవరూ ఉండని ఈ గుట్టల మీదే. దాంతో పెన్నైన్ కొండల్లో లోయ దొరికిన చోటల్లా ఒక కట్ట వేశారు. కొత్తగా కట్టేవాళ్లు కింద ఏటి మీద బతికే మిల్లుల వాటా నీళ్లు ఏట్లోకి వదలాలన్నది అప్పటి చట్టాల్లో మామూలు షరతు. అది వినగానే బాపు ముఖం వెలిగింది. “అట్లనా! అయితే టెయిల్ ఎండు పంచాది ఇక్కడ కూడ ఉన్నదన్నట్టు” అన్నాడు. కాలువ చివరివాళ్లకు నీళ్లందని గొడవ అన్నమాట. అక్కడితో ఈ దేశం ఆయనకు కొంత అర్థమైంది.

కట్ట దాటాక బాట చెట్ల నీడలోకి వెళుతుంది. వెనక్కి తిరిగితే అల్డర్‌మన్ గుట్ట పక్కన, పాట్స్ అండ్ ప్యాన్స్ అనే శిఖరం మీద ఒక రాతి స్తంభం కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సాడిల్‌వర్త్ వాళ్ల కోసం 1923లో నిలబెట్టారు. ఏ ఊరి నుంచి చూసినా కనిపించాలని అంత పైన పెట్టారు.

ఇంకో సంగతి. ఈ సాడిల్‌వర్త్ మొదటి నుంచీ యార్క్‌షైర్‌ది. 1974లో గ్రేటర్ మాంచెస్టర్‌లోకి మార్చారు. ఇప్పటికీ ఇక్కడివాళ్లు యార్క్‌షైర్ తెల్ల గులాబీ జెండాలు కట్టుకుంటారు, మాంచెస్టర్ వాళ్లం అనరు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మా మేనమామ ఊరు రాజన్న సిరిసిల్లలోకి పోయింది. ఆయన ఇప్పటికీ కరీంనగర్ జిల్లా అనే చెబుతాడు. బాపుకు ఇది విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు.

దారిలో గొర్రెలు. వీపుల మీద నీలి రంగు పూసి ఉంది. అమ్మ ఆగి, “మనోళ్లు పూసినట్టే పూసిన్రు” అంది. ఎవరివి ఎవరివో గుర్తు పట్టడానికే. కాపరి లేడు, కుక్క లేదు, గుట్టంతా వాటిదే. అమ్మకు అసలు అనుమానం వేరే. ఇది ఎవరి జాగా? మనం నడుస్తుంటే ఎవరైనా వచ్చి అడగరా? ఒకప్పుడు అడిగేవాళ్లు. వేటకు పనికొచ్చే ఈ మూర్‌ల్యాండ్ అంతా జమీందార్ల చేతుల్లో ఉండేది, వాళ్ల కాపలావాళ్లు జనాన్ని తరిమేవాళ్లు. 1932 ఏప్రిల్‌లో మాంచెస్టర్ వైపు కార్మిక కుర్రాళ్లు కొన్ని వందల మంది, ఇక్కడికి దక్షిణాన ఉన్న కిండర్ స్కౌట్ గుట్ట మీదికి కావాలనే గుంపుగా ఎక్కారు. ఐదుగురికి జైలు పడింది. పీక్ డిస్ట్రిక్ట్ 1951లో ఈ దేశపు మొదటి నేషనల్ పార్క్ అయింది. ఇలాంటి బీడు గుట్టల మీద ఎవరైనా నడవొచ్చన్న హక్కు చట్టంగా వచ్చింది మాత్రం 2000లోనే. శనివారం పొద్దున ఊరికే నడవడానికి కూడా జైలుకు పోవాల్సి వచ్చిందా అని అమ్మ చాలాసేపు ఆశ్చర్యపోయింది.

యోమన్ హే కట్ట దగ్గరికి చిన్న ఎక్కుడు ఉంది. మొత్తం దారిలో ఊపిరి ఎగబోసేది ఇదొక్కటే. అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కాం. పైన ఒక రాయి పాతి ఉంది: టోంగా రాజు 1981లో ఇక్కడికి వచ్చాడట. పసిఫిక్ సముద్రంలో ఉన్న దీవుల రాజు ఈ గుట్టల్లోకి వచ్చాడంటే నాకు చాలా వింతగా అనిపించింది. బాపుకు అందులో వింతేమీ లేదు. “శిలాఫలకం అన్నట్టు” అని, ఎక్జిక్యూటివ్ ఇంజనీరు పేరు కూడా చెక్కారా లేదా అని చూసి, లేదని తేలాక ముందుకు నడిచాడు.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. కట్ట దాటితే డవ్‌స్టోన్ అవతలి ఒడ్డు మీదుగా తిరిగి రావచ్చు. కట్ట దాటకుండా యోమన్ హే వెంట లోపలికి పోతే గ్రీన్‌ఫీల్డ్ రిజర్వాయర్ వస్తుంది, పోయిన దారినే వెనక్కి రావాలి. ఓపిక ఉంటే పోవాల్సిందే. లోయ ఇరుకై, రెండు పక్కలా నల్లని రాతి గోడలు, జనం పలచబడతారు. మేం కొంత దూరం పోయి, గాలి లేని చోటు చూసుకుని కూర్చుని సర్వపిండి, చాయ్ తీశాం. నిన్నటి సర్వపిండి చల్లబడితేనే బాగుంటుందని అమ్మ వాదన. ఆ గుట్టల్లో నేనూ ఒప్పుకున్నాను. బాట పక్కన పొదల్లో నల్ల ద్రాక్ష రంగు చిన్న చిన్న పళ్లు. బిల్‌బెర్రీ అంటారు, ఇక్కడివాళ్లు విన్‌బెర్రీ అని కూడా అంటారు. ఓ ముసలమ్మ డబ్బాలో ఏరుకుంటోంది, మాకు ఓ గుప్పెడు ఇచ్చింది. పుల్లగా, తియ్యగా ఉన్నాయి. వేళ్లకు రంగు రెండు రోజులు పోలేదు.

ఏరు రిజర్వాయర్‌లో కలిసే చోట బాపు నీళ్లలోకి దిగినంత పని చేశాడు. నీళ్లు గోధుమ రంగులో ఉన్నాయి. బురద నీళ్లు కావు, అడుగు రాళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. డికాక్షన్ రంగు, అంతే. పారిశ్రామిక వ్యర్థమా అని అడిగాడు. కాదు, పీట్ అన్నాను. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది మాకు చెప్పింది, బోర్డు దగ్గర నిలబడ్డ ఒక వాలంటీరు. పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ కోటు వేసుకున్న రిటైర్డ్ మనిషి. ఇద్దరు రిటైర్డ్ మనుషులు కలిస్తే ఇంక టైమ్‌తో పనేముంది! నేను మధ్యలో తర్జుమా చేస్తూ నిలబడ్డాను.

ఆయన చెప్పింది ఇది. గుట్టల పైనంతా స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. తన ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. తడిలో అది చచ్చినా పూర్తిగా కుళ్లదు, పొర మీద పొర పేరుకుంటుంది. అదే పీట్. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. మనిషి లోతు పీట్ అంటే వెయ్యేళ్లు దాటిన సరుకు. వాన పడితే ఆ నాచు పీల్చుకుని మెల్లగా వదులుతుంది, నీళ్లు తేరుకుని కిందికి దిగుతాయి. అయితే మిల్లులు వచ్చాక మాంచెస్టర్, ఓల్డ్‌హామ్ పొగగొట్టాల నుంచి వందేళ్లకు పైగా మసి, గంధకం పొగ ఈ గుట్టల మీద కురిశాయి. నాచు చచ్చిపోయింది. పైన దుప్పటి పోయాక పీట్ ఎండి, పగిలి, వానకు కొట్టుకుపోయి కాలువలు పడ్డాయి. కొట్టుకుపోయిందంతా వచ్చి చేరేది ఈ రిజర్వాయర్లలోనే. నీళ్లు గోధుమ రంగులోకి మారతాయి, ఆ రంగు తీయడానికి కంపెనీ డబ్బు ఖర్చుపెడుతుంది, అడుగున పూడిక పెరుగుతుంది.

మిల్లుల కోసం కట్టిన చెరువుల్ని పూడ్చింది ఆ మిల్లుల పొగే.

పూడిక అనే మాట వినగానే బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “ఎట్ల తీస్తరు? జేసీబీలు దించుతరా?” 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడికతీత మీద ఊరూరా తిరిగిన అనుభవం ఆయనది. ఎండాకాలం చెరువులో ట్రాక్టర్లు క్యూ కట్టేవి, నల్ల మట్టిని రైతులు పొలాలకు తోలుకునేవాళ్లు, ఎవరి ట్రాక్టరు ముందు అన్న దగ్గర గొడవలు. ఆ వాలంటీరు చేత్తో పైకి చూపించాడు. పూడిక కింద తీయడం కాదు, పైనే ఆపాలన్నాడు. ఈ నీళ్ల కంపెనీ యునైటెడ్ యుటిలిటీస్, ఆర్‌ఎస్‌పీబీ కలిసి 2010లో అదే పని మొదలుపెట్టాయి. గుట్ట మీద పడ్డ కాలువలకు రాళ్లతో, హెదర్ కట్టలతో అడ్డుకట్టలు వేస్తారు. నీళ్లు ఆగుతాయి, పీట్ మళ్లీ తడుస్తుంది. ఆ తడిలో స్ఫాగ్నమ్ నాచు మొక్కల్ని చేత్తో నాటుతారు. వానలో, గాలిలో, వంగి, ఒక్కొక్కటి.

“నాటు వేసినట్టే” అంది అమ్మ. అప్పటిదాకా ఆమె వింటోందని నేను అనుకోలేదు.

బాపు ఏమీ అనలేదు. కాసేపటికి మాత్రం నన్ను అడగమన్నాడు: ఆ నాచు ఎండితే? అదే మా భయం అన్నాడాయన. ఎండు పీట్ అంటుకుంటే లోలోపల వారాల తరబడి కాలుతుంది. 2018 జూన్‌లో ఈ సాడిల్‌వర్త్ గుట్టలు తగలబడితే ఆర్పడానికి సైన్యాన్ని దించారు. అందుకే ఇక్కడ బార్బెక్యూలు, మంటలు పూర్తిగా నిషేధం. మనవాళ్లు పిక్నిక్ అనగానే బొగ్గుల పొయ్యి సర్దుకుంటారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. జరిమానా సంగతి అటుంచితే, ఒక్క నిప్పురవ్వతో వెయ్యేళ్ల నేల పోతుంది.

తిరుగు దారి అవతలి ఒడ్డున. ఆష్‌వే గ్యాప్ అనే చోట ఒకప్పుడు కోట లాంటి బంగళా ఉండేది, ఇప్పుడు చెట్లు, కొన్ని రాతి ఆనవాళ్లు మిగిలాయి. ఓల్డ్‌హామ్‌లో మిల్లు యంత్రాలు చేసిన ప్లాట్ కుటుంబం వేసవి విడిదిగా కట్టుకుంది. ఆ కుటుంబంలోని జేమ్స్ ప్లాట్ ఓల్డ్‌హామ్ ఎంపీ. 1857 ఆగస్టులో ఈ గుట్టల మీద వేటకు వెళ్లినప్పుడు ప్రమాదవశాత్తూ తుపాకీ పేలి చనిపోయాడు, పైన ఎక్కడో ఆయన పేర రాతి శిలువ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ బంగళా గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి అయింది. ప్లాట్ బ్రదర్స్ పేరు నేను అంతకుముందు వినలేదు, బాపు విన్నాడు. మా ఊళ్లో పెద్దవాళ్లు చాలామంది బొంబాయి మిల్లుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. పద్మశాలీల ఇళ్లలో పరేల్, లాల్‌బాగ్ పేర్లు ఇప్పటికీ నలుగుతుంటాయి. బొంబాయి మిల్లుల్లో నూలు వడికే యంత్రాలు చాలావరకు లాంకషైర్ నుంచి ఓడల్లో వచ్చినవి. వాటి మీద పోతపోసి ఉండే ‘ప్లాట్, ఓల్డ్‌హామ్’ అన్న పేరు గురించి ఒక ముసలాయన చెప్పేవాడట. ఆ యంత్రాల దగ్గర దూది దుమ్ము మింగి దగ్గు తెచ్చుకున్నవాళ్లు మా వీధిలో ఉండేవాళ్లు. యంత్రాలు అమ్మినవాళ్లు ఇక్కడ బంగళా కట్టుకున్నారు. బాపు ఆ రాళ్ల దగ్గర ఓ ఫొటో తీయమన్నాడు. ట్రిప్పు మొత్తంలో ఆయన అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

చెట్లు దాటాక చ్యూ లోయ ముఖం దగ్గరికి వస్తాం. కుడివైపు సెయిలింగ్ క్లబ్బు పడవలు, ఎడమవైపు గుట్ట పైకి పోయే తారు బాట. పైన విన్‌బెర్రీ రాళ్లు. 1949 ఆగస్టులో బెల్‌ఫాస్ట్ నుంచి మాంచెస్టర్ వస్తున్న డకోటా విమానం పొగమంచులో దారి తప్పి అక్కడ గుద్దుకుంది. 32 మందిలో 24 మంది చనిపోయారు. అదే వరసలో ఒక రాతి గుట్ట, పడుకుని ఆకాశం చూస్తున్న మనిషి ముఖంలా ఉంటుంది. దాన్ని ఇండియన్స్ హెడ్ అంటారు. అమెరికా ఆదివాసి అని వాళ్ల ఉద్దేశం. అమ్మ మాత్రం మనోడే అని ఖాయం చేసింది.

అమ్మానాన్నల్ని సెయిలింగ్ క్లబ్బు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, మిగిలిన చాయ్ ఇచ్చి, మేమిద్దరం చ్యూ రిజర్వాయర్ దాకా ఎక్కాం. ఇది ‘ఈజీ వాక్’ లెక్కలోకి రాదు. బాట బాగానే ఉంటుంది గానీ ఎక్కుడు వదలదు. పైన కట్ట 1912లో కట్టింది, సముద్ర మట్టానికి సుమారు 1,600 అడుగుల ఎత్తు. 1971లో కౌ గ్రీన్ అనే మరో రిజర్వాయర్ వచ్చేదాకా ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న రిజర్వాయర్ ఇదే. ఈ కట్ట మధ్యలో నీరు ఊరకుండా వేసే బంకమట్టి పైన దొరకదు కాబట్టి, కింద గ్రీన్‌ఫీల్డ్ వైపు నుంచి మోయడానికి గుట్ట పక్కనే చిన్న రైలు పట్టా వేశారు. పట్టా ఎప్పుడో తీసేశారు, అది నడిచిన గట్టు ఇప్పటికీ తెలుస్తుంది. పైకి చేరాక నీళ్లు, గాలి, నల్లటి పీట్ గుట్టలు, మధ్య మధ్య తెల్లటి పత్తిపువ్వుల్లా ఊగే కాటన్ గ్రాస్. మా ఆయన బూటు చీలమండ దాకా దిగబడింది. చలికాలంలో ఇక్కడ తెల్లగా మారే కుందేళ్లు తిరుగుతాయట, ఇంగ్లండ్‌లో అవి ఉన్నది పీక్ డిస్ట్రిక్ట్‌లోనే. మాకు కనిపించింది ఒక గొర్రె.

కిందికి వచ్చేసరికి బాపు వీడియో కాల్‌లో ఉన్నాడు. అక్కడ సాయంత్రం ఆరున్నర. తనతోపాటు పనిచేసి రిటైరైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సారుకు ఫోను తిప్పి కట్ట చూపిస్తున్నాడు. మట్టి కట్ట అంటున్నాడు, గేట్లు లేవు అంటున్నాడు, ఒక్క చెట్టు లేదు సార్ అంటున్నాడు. బంకమట్టి ఎంత దూరం నుంచి తెచ్చారో నన్నడిగి మధ్యలో అది కూడా కలిపాడు. ఆఖరికి అసలు విషయానికి వచ్చాడు. పూడిక కింద తీయరు సార్, గుట్ట మీదనే ఆపుతరు, నాచు నాటి.

అవతల సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: “మంచిదేనయ్యా. మరి కొలతల పుస్తకం, ఎం-బుక్కుల ఎట్ల ఎక్కిస్తరు? క్యూబిక్ మీటర్లా, మొక్కల లెక్కనా?”

బాపు ఫోను పక్కకు పెట్టి నా వైపు చూశాడు. “ఆ కోటాయన ఇంక అక్కడనే ఉన్నడా బిడ్డా?”